ఇమామ్ వచ్చి అన్యాయాన్ని తుడిచేస్తారంటే, అంతవరకు షియాల మీద ఉన్న బాధ్యత ఏమిటి?

కృష్ణ_ఒడ్డు:
పీర్ల పండుగ పుణ్యమా అని కర్బలా సంగతి మన పల్లెల్లో అందరికీ ఎంతో కొంత తెలుసు. పన్నెండో ఇమామ్, అంటే మరుగులో ఉండి తిరిగి వస్తారని షియాలు నమ్మే మహ్దీ, దగ్గరికి వచ్చేసరికి తెలుగులో దొరికేవి రెండే రకాలు. ఒకటి, 'ప్రళయం ముంచుకొస్తోంది' అని ఎర్రక్షరాలు వేసిన వీడియోలు. రెండోది, 'కనపడని ఇమామ్ కోసం చేతులు ముడుచుకుని కూర్చుంటారు' అనే వెటకారం. ఈ రెండూ కాకుండా తెలిసినవాళ్లు చెప్తారని అడుగుతున్నా.

ఒకటి: భూమి అంతా జులుంతో, అంటే అణచివేతతో, నిండాకే ఆయన వస్తారని హదీసు (ప్రవక్త, ఇమాముల మాటల ఉల్లేఖనం) ఉన్నప్పుడు, జులుంను తగ్గించడానికి పాటుపడితే ఆయన రాకను ఆలస్యం చేసినట్టు కాదా? రెండు: ఆయన రాకకు చెప్పే సూచనల జాబితాలో నిజంగా గట్టివి ఏవి? మూడు: ఎదురుచూడటం, అదే ఇంతెజార్, రోజువారీ జీవితంలో ఏ పనిగా కనిపిస్తుంది? ఖుమ్స్ అనే మతపరమైన చెల్లింపు దానిలో భాగమే అంటారు. అంకెలతో లెక్క చూపిస్తే మేలు. సున్నీ, షియా తగువు మాత్రం వద్దు దయచేసి.

సామర్రా_బాట:
మీ మొదటి ప్రశ్న పాతదే, జవాబూ పాతదే. హదీసులో ఉన్నది 'జులుంతో, అన్యాయంతో నిండిన భూమిని ఆయన న్యాయంతో నింపుతారు' అని. జులుం ఉందంటే దాన్ని భరిస్తున్న మజ్లూం, అంటే పీడితుడు, కూడా ఉన్నట్టే కదా. అందరూ దుర్మార్గులైపోవాలి అని ఆ మాటకు అర్థం రాదు. ఇరాన్ పండితుడు ముర్తజా ముతహ్హరీ ఈ పాయింటునే పట్టుకుని వాదించారు: ఇమామ్ లేచేది మజ్లూంల పక్షాన, కాబట్టి ఆ పక్షం బతికి ఉండాలి, బలపడాలి. పాపం పెరగనిస్తే జుహూర్, అంటే ఇమామ్ బయటికి రావడం, త్వరపడుతుందనే ఆలోచనను ఆయన విధ్వంసకరమైన ఎదురుచూపు అన్నారు.

ఇరాన్‌లో ఈ నింద ఎక్కువగా పడింది హుజ్జతియా సంఘం మీద. 1953లో షేక్ మహ్మూద్ హలబీ స్థాపించారు. వాళ్ల అసలు పని బహాయీ మతాన్ని ఎదుర్కోవడం, రాజకీయాలకు దూరంగా ఉండేవాళ్లు. 1983లో అప్పటి ఇరాన్ అధినేత ఖొమేనీ ఒక ప్రసంగంలో, పేరెత్తకుండా ఈ ధోరణిని గట్టిగా తప్పుపట్టాక సంఘం కార్యకలాపాలు ఆపేసింది. ప్రత్యర్థులు మోపిన నిందలో ఎంత నిజం, ఎంత రాజకీయం అన్నది వేరే తగువు. ఆ వాదాన్ని సిద్ధాంతంగా ఒప్పుకున్న పెద్ద మర్జా (మతనియమాల్లో షియాలు అనుసరించే ఉన్నత పండితుడు) మాత్రం ఎవరూ కనిపించరు.

ఇక ఎదురుచూడటం అంటే ఏమిటో హదీసుల్లోనే ఉంది. ఖాయిమ్ (అంటే ఆ పన్నెండో ఇమామే) లేచే రోజు కోసం ప్రతివాడూ ఏదో ఒకటి సిద్ధం చేసుకోవాలి, కనీసం ఒక బాణమైనా సరే, అని ఆరో ఇమామ్ జాఫర్ సాదిక్ మాట. ఆయనదే ఇంకొకటి: ఖాయిమ్ సహచరుడిగా ఉండాలనుకునేవాడు ఎదురుచూస్తూనే తఖ్వాతో (దైవభీతితో), మంచి నడవడితో పనిచేయాలి. రెండో హదీసును మజ్లిసుల్లో బాగానే చెప్తారు. బాణం హదీసును ఆయుధాల లెక్కలో వాడేసుకునేవాళ్లూ ఉన్నారు. నా ఉద్దేశంలో అక్కడ బరువంతా 'కనీసం' అనే మాట మీదే ఉంది. ఎంత చిన్నదైనా సరే, చేతిలో పని ఉండాలి.

అసలు గైబత్, అంటే ఇమామ్ మరుగున ఉండటం, మొదలైన తీరు చూస్తేనే ఇంతెజార్ ఖాళీగా కూర్చోవడం కాదని తెలిసిపోతుంది. హిజ్రీ 260లో, అంటే 874లో, ఇరాక్‌లోని సామర్రాలో పదకొండో ఇమామ్ హసన్ అస్కరీ చనిపోయాక 329 (941) వరకు చిన్న గైబత్. ఆ కాలమంతా నలుగురు నాయిబ్‌లు (ఇమామ్ ప్రతినిధులు) వరసగా పనిచేశారు: ఉస్మాన్ బిన్ సయీద్, ఆయన కొడుకు ముహమ్మద్, హుసేన్ బిన్ రూహ్ నౌబఖ్తీ, అలీ బిన్ ముహమ్మద్ సమరీ. మొదటాయన పైకి నేతి వ్యాపారి, అందుకే ఆయనకు 'సమ్మాన్' అని పేరు. షియాలు ఇచ్చిన డబ్బూ ఉత్తరాలూ నేతి తిత్తుల్లో దాచి, అబ్బాసీ వేగుల కళ్లు కప్పి ఇమామ్ అస్కరీ ఇంటికి చేరవేసేవాడు. ఆ వ్యవస్థలో అటూ ఇటూ నడిచినవి రెండే, ప్రశ్నలూ డబ్బూ. ఈరోజు మర్జా, వకీల్ (మర్జా ప్రతినిధి), రసీదు అంటూ నడిచేది దానికి వారసత్వమే.

లెక్కల_పద్దు:
అయితే డబ్బు సంగతి నేను చెప్తా. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

ఖుమ్స్ అంటే ఐదో వంతు. ఖురాన్ 8:41 ఆధారం. జీతం మొత్తం మీద కాదు. ఏడాదంతా ఇంటి ఖర్చులు పోగా మిగిలినదాని మీద. ముందుగా ఖుమ్స్ తేదీ ఒకటి ఉండాలి. ఉద్యోగి అయితే పనిలో చేరిన రోజు నుంచో, మొదటి జీతం అందిన రోజు నుంచో ఏడాది లెక్క మొదలవుతుంది. రెంటిలో ఏది అన్నది మీరు ఎవరి తఖ్లీద్‌లో (ఎవరి తీర్పులు పాటిస్తూ) ఉన్నారో ఆ మర్జా ఫత్వాను బట్టి. చాంద్రమాన సంవత్సరమైనా, జనవరి నుంచి డిసెంబర్ లెక్కైనా పర్వాలేదు, కానీ ఏటా తేదీ మార్చకూడదు. రంజాన్‌లోనే కట్టాలన్నది జనంలో ఉన్న అలవాటు తప్ప రూలు కాదు.

ఆ తేదీన కూర్చుని రాయండి. ఉదాహరణకు ఏడాది జీతం 6,00,000. ఇంటి అద్దె, తిండి, ఫీజులు, మందులు, బంధువులకు పెట్టుపోతలు, జియారత్ (పుణ్యస్థల దర్శనం) ప్రయాణం, అన్నీ కలిపి 4,78,000 అయిపోయాయి. తేదీ నాటికి మిగిలినవి: బ్యాంకులో 85,000, ఎఫ్‌డీ 25,000, చేతిలో 10,000, వంటింట్లో వాడకుండా మిగిలిన బియ్యం, పప్పు, నూనె, చక్కెర ఆ రోజు ధరకు 2,000. మొత్తం 1,22,000. కిరాణా ఖాతాలో ఈ ఏడాది ఇంటి సరుకుల బాకీ 12,000 ఉంది, అది తీసేయండి. 1,10,000. అందులో ఐదో వంతు 22,000. ఇది రెండు సమాన వాటాలు: 11,000 సహ్మె ఇమామ్ (ఇమామ్ వాటా), 11,000 సహ్మె సాదాత్ (సయ్యద్‌ల వాటా).

బియ్యం డబ్బా లెక్కలోకి రావడం చూసి కొత్తవాళ్లు నవ్వుతారు. కానీ అదే నియమం: వాడేసింది ఖర్చు, వాడకుండా మిగిలింది మిగులు. బీరువాలో ఏడాదంతా మడత విప్పని చీర, సీలు తీయని మిక్సీ కూడా మిగులే. కట్టుకుంటున్న చీర, నడుపుతున్న బండి, ఉంటున్న ఇల్లు, మీ స్థాయికి తగ్గట్టు ఇంట్లో ఆడవాళ్లు వేసుకునే నగలు, వీటిని ఆ ఏడాది సంపాదనతోనే కొని వాడకంలో పెట్టి ఉంటే ఖుమ్స్ ఉండదు.

బాకీ 12,000, ఖుమ్స్ 22,000 కట్టేశాక మీ దగ్గర ఉన్న 88,000 ఇక పాకీజా, అంటే శుద్ధమైన, సొమ్ము. దాని మీద మళ్లీ ఖుమ్స్ లేదు. వచ్చే ఏడాది తేదీకి మొత్తం 1,60,000 ఉంటే, తేడా 72,000 మీదే కట్టాలి, అంటే 14,400. నిరుటి కాగితం పారేసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కట్టిన సొమ్ము మీదే మళ్లీ కడతారు, లేదా 'నిరుడు కట్టాను కదా' అని కొత్త మిగులును వదిలేస్తారు. అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, వస్తువు, ఆ రోజు ధర, బాకీ, రసీదు నంబరు. ఐదు గళ్లు చాలు.

దుకాణం ఉంటే అమ్మకుండా ఉన్న సరుకుకు కొన్న ధర కాదు, ఆ తేదీ నాటి ధర వేయాలి.

కృష్ణ_ఒడ్డు:
చాలా స్పష్టంగా ఉంది, థాంక్స్ అండీ. ఇంకో రెండు అనుమానాలు. పెళ్లిలో వచ్చిన కానుకలు, తండ్రి ఆస్తి కూడా లెక్కలోకి వస్తాయా? సహ్మె ఇమామ్‌ను వాడలో ఉన్న పేదవాడికి నేరుగా ఇచ్చేస్తే సరిపోదా, ఇరాక్‌లో మర్జాలుండే నజఫ్ దాకా ఎందుకు?

లెక్కల_పద్దు:
వారసత్వంగా మామూలుగా రావాల్సిన ఆస్తికి ఖుమ్స్ లేదు, మహర్‌కూ (పెళ్లిలో భర్త భార్యకిచ్చే సొమ్ముకూ) లేదు. కానుకల దగ్గర మర్జాలు వేరుపడతారు. నజఫ్ మర్జా ఆయతుల్లాహ్ సీస్తానీ ఫత్వాలో, ఏడాది చివర్న ఖర్చు కాకుండా మిగిలితే కానుక మీద కూడా ఉంది. ఖొమేనీ తర్వాత ఇరాన్ అధినేత అయిన ఆయతుల్లాహ్ ఖమేనీ ఫత్వాలో కానుక మీద లేదు. కాబట్టి 'మా మామ కట్టలేదు, నేనూ కట్టను' అనేది కుదరదు. మామగారిది వేరే తఖ్లీద్ కావచ్చు.

రెండోది. సహ్మె ఇమామ్ మీ సొమ్ము కాదు, మీ దగ్గర ఉన్న ఇమామ్ సొమ్ము. ఆయన గైబత్‌లో ఉన్నారు కాబట్టి మర్జా లేదా ఆయన వకీల్ ద్వారా వెళ్లాలి, లేదా వాళ్ల అనుమతితో మీరే ఖర్చు చేయాలి. అనుమతి లేకుండా పంచేస్తే పుణ్యకార్యమేమో గానీ, బాకీ తీరినట్టు కాదు. అంజుమన్‌కో, తాను చూసుకునే ఆషూర్‌ఖానాకో రంగులేయించి 'ఖుమ్స్‌లో రాసుకున్నా' అనేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. నజఫ్ దాకా అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. వకీల్ దగ్గర ఇజాజత్ నామా (అనుమతి పత్రం) ఉంటుంది, వసూలైనదాంట్లో ఎంత భాగం స్థానికంగా ఖర్చు చేయొచ్చో అందులో రాసి ఉంటుంది. అడిగి చూడండి, చూపించడానికి జంకేవాడికి డబ్బు ఇవ్వకండి. మర్జా ఆఫీసు ముద్రతో రసీదు తీసుకోండి.

సహ్మె సాదాత్ పేద సయ్యద్‌లకు, అంటే ప్రవక్త వంశీకులకు. సీస్తానీ తఖ్లీద్‌లో ఉన్నవాళ్లు అర్హులకు నేరుగా ఇవ్వొచ్చు. కొందరు మర్జాలు దీనికీ అనుమతి కావాలంటారు. తీసుకునేవాడు తండ్రి వైపు నుంచి సయ్యద్ అయి ఉండాలి, తల్లి ఒక్కతే సయ్యదాని అయితే చాలదు. మీరు పోషించాల్సిన భార్యాపిల్లలు, తల్లిదండ్రులకు మామూలు తిండీ బట్టా దీంట్లోంచి పెట్టకూడదు. సయ్యద్ కాని పేదలకు సద్ఖా (ఇష్టపూర్వక దానం) ఉంది, జకాత్ (విధిగా ఇచ్చే దానం) ఉంది, ఫిత్రా (రంజాన్ ఈదు దానం) ఉంది. ఫిత్రా మనిషికి సుమారు 3 కిలోల బియ్యం లేదా గోధుమ, లేదా దాని ధర. సయ్యద్ కానివాడి ఫిత్రా సయ్యద్‌కు చెల్లదు. ఈదు హడావుడిలో ఈ ముక్క మర్చిపోయి డబ్బా అందరిదీ ఒకటే పెట్టేస్తారు. రెండు డబ్బాలు పెడితే గొడవే ఉండదు.

ఏళ్ల తరబడి కట్టనివాళ్లు లెక్క తెలియదని భయపడి దూరంగా ఉంటారు. దానికీ దారి ఉంది. వకీల్‌తో కూర్చుని ఉజ్జాయింపు మీద ముసాలహత్ (రాజీ) చేసుకోవచ్చు, అనుమతితో వాయిదాల్లో కట్టొచ్చు.

అలం_నీడ:
సూచనల సంగతి నేను రాస్తా.

హదీసుల్లో సూచనలు వందల కొద్దీ ఉన్నాయి, వాటిలో 'హత్మీ', అంటే తప్పక జరిగేవి, ఐదు: సుఫ్యానీ (ఇమామ్‌కు శత్రువుగా లేచేవాడు), యమానీ (యెమెన్ నుంచి ఇమామ్ పక్షాన లేచేవాడు), ఆకాశం నుంచి కేక, నఫ్సె జకియ్యా ('పవిత్ర ప్రాణం' అని పేరున్న మనిషి) హత్య, మక్కా మదీనాల నడుమ బైదా దగ్గర సైన్యం భూమిలో కుంగిపోవడం. మిగతావన్నీ 'బదా'కు, అంటే దేవుడు మార్చగల నిర్ణయానికి, లోబడినవి, జరగొచ్చు, జరక్కపోవచ్చు. కరోనా, భూకంపం, ఎండలు, ఫలానా దేశం యుద్ధం, ఇవేవీ ఆ ఐదులో లేవు.

ఐదింటికీ వరస ఉంది. సుఫ్యానీ షామ్ (సిరియా ప్రాంతం)లోని వాదీ యాబిస్ నుంచి రజబ్ నెలలో లేస్తాడు, మొదలు నుంచి చివరి దాకా 15 నెలలు. యమానీ, ఖురాసానీ (ఖురాసాన్ నుంచి లేచేవాడు), సుఫ్యానీ ముగ్గురూ ఒకే ఏడాది, ఒకే నెల, ఒకే రోజు బయటపడతారని ఐదో ఇమామ్ బాఖిర్ రివాయత్ (ఉల్లేఖనం). కేక రంజాన్‌లో. నఫ్సె జకియ్యాను కాబా దగ్గర రుక్న్‌కూ (కాబా మూలకూ) మఖామ్‌కూ (ఇబ్రాహీం నిలిచిన చోటుకూ) నడుమ చంపుతారు, ఇమామ్ లేచేది దానికి 15 రాత్రుల తర్వాత. ఈ వరస తెలిసినవాడిని మోసం చేయడం కష్టం. ఎవడైనా 'నేనే యమానీ' అంటే మొదటి ప్రశ్న: మరి సుఫ్యానీ ఏడీ?

నాలుగో నాయిబ్ సమరీకి చివరగా వచ్చిన తౌఖీ (ఇమామ్ లేఖ) కూడా ఇదే చెప్తుంది: ఆరు రోజుల్లో నీకు మరణం, నీ తర్వాత ఎవరినీ నియమించకు, సుఫ్యానీ రాకముందు, కేక వినిపించకముందు నన్ను చూశానని చెప్పుకునేవాడు అబద్ధాలకోరు. తేదీలు చెప్పేవాళ్ల గురించి ఇంకా సూటిగా, 'కజబల్ వఖ్ఖాతూన్', సమయం నిర్ణయించేవాళ్లు అబద్ధమాడారు. ఇంత గట్టిగా చెప్పినా ప్రతి తరంలో ఒకడు లేస్తూనే ఉన్నాడు. హిజ్రీ 260కి సరిగ్గా వెయ్యేళ్లు నిండిన 1260లో, అంటే 1844లో, షిరాజ్‌లో సయ్యద్ అలీ ముహమ్మద్ తానే బాబ్ (ఇమామ్‌కు ద్వారం) అన్నాడు, 1850లో తబ్రీజ్‌లో కాల్చి చంపారు. 2007 జనవరిలో నజఫ్ దగ్గర జర్కాలో 'జుందుస్సమా' అనే గుంపు సాయుధంగా దిగి, ఇరాకీ సైన్యంతో పోరులో తుడిచిపెట్టుకుపోయింది. 2011లో ఇరాన్‌లో తిరిగిన ఒక వీడియో ఖమేనీని ఖురాసానీ అంది, లెబనాన్ హిజ్బుల్లా నేత హసన్ నస్రల్లాహ్‌ను యమానీ అంది, అప్పటి ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్‌ను షుఐబ్ బిన్ సాలిహ్ (ఖురాసానీ సేనాపతి) అంది. ఇరాన్‌లోని ఖుమ్ నగర ఉలమా (మతపండితులు) అప్పుడే మండిపడ్డారు. అహ్మదీనెజాద్ 2013లో పదవి దిగాడు, నస్రల్లాహ్ 2024 సెప్టెంబరులో చనిపోయాడు.

నష్టం ఎక్కడంటే, లెక్క తప్పినప్పుడు జనం వీడియో చేసినవాణ్ని వదిలేసి హదీసును అనుమానిస్తారు. ఇంకా చెడ్డది, రేపో మాపో అయిపోతుందనుకునేవాడు పిల్ల ఫీజు కట్టడు, అప్పు తీర్చడు.

గడియారం_వీధి:
ఒక పక్కమాట. హైదరాబాద్‌లో 'మహ్దవీ' అనగానే షియా అనుకుంటారు, తప్పు. చంచల్‌గూడ వైపున్న మహ్దవీలు సయ్యద్ ముహమ్మద్ జౌన్‌పురీని (1443–1505) మహ్దీగా నమ్ముతారు, అంటే వాళ్ల లెక్కలో మహ్దీ వచ్చి వెళ్లిపోయారు. బోహ్రాలు ఇస్మాయిలీలు (మరో షియా శాఖ), వాళ్ల ఇమామ్ తయ్యిబ్ 12వ శతాబ్దంలో మరుగయ్యారు, ఆ పరంపర మరుగులోనే సాగుతోందని, బయట దాయీ (ఇమామ్ ప్రతినిధి) నడిపిస్తారని నమ్మకం. ఆగాఖానీలకు కళ్లెదుటే ఇమామ్ ఉన్నారు. సున్నీల్లో ఎక్కువమంది మహ్దీ ఇంకా పుట్టబోతారంటారు. ఈ థ్రెడ్‌లో చెప్పుకుంటున్నదంతా పన్నెండు ఇమాముల షియాల మాట మాత్రమే.

సామర్రా_బాట గారు చెప్పినదానితో ఒక్క చోట నాకు పేచీ ఉంది. ముతహ్హరీ నుంచి నేరుగా ఇరాన్ దారిలోకి వెళ్తే, ఇంతెజార్ అంటే రాజ్యం పట్టుకోవడమే అన్నట్టు అవుతుంది. ఖొమేనీ 1970లో నజఫ్ పాఠాల్లో వాదించింది అదే: గైబత్ మొదలై వెయ్యేళ్లు దాటింది, ఇంకెన్ని వేల ఏళ్లో తెలియదు, అంతదాకా షరీయత్ చట్టాలు అటకెక్కాలా అని. కానీ నజఫ్‌లోనే మర్జా ఖూయీ లాంటివాళ్లు ఫఖీహ్‌కు (మతన్యాయ పండితుడికి) అంత విస్తారమైన పాలనాధికారం ఒప్పుకోలేదు. అలాగని చేతులు ముడుచుకునీ లేరు. 2014 జూన్ 13న, దాయిష్ (ఐసిస్) ఇరాక్‌లోని మోసుల్ పట్టుకున్న మూడు రోజులకు, సీస్తానీ తరఫున కర్బలా జుమాలో చదివిన ఫత్వా చూడండి. పౌరులు సైనిక దళాల్లో చేరి దేశాన్ని కాపాడటం 'వాజిబె కిఫాయీ' అన్నారు. అంటే సరిపడా మంది ముందుకొస్తే మిగతావాళ్ల మీద బరువు దిగిపోతుంది, ఎవరూ రాకపోతే అందరూ పాపులే. పాలన తన చేతిలోకి తీసుకోకుండానే బాధ్యత ఎత్తుకున్న నమూనా అది.

సామర్రా_బాట:
ఒప్పుకుంటా. రెండు దారులూ ఉన్నాయి. నేను ముతహ్హరీని తెచ్చింది ఆ ఒక్క హదీసు అర్థం కోసమే.

వాజిబె కిఫాయీ అన్నారు కాబట్టి, రోజూ ఎదురయ్యేది అమ్ర్ బిల్ మారూఫ్, మంచి చెప్పడం, చెడు ఆపడం. దీన్నే ఎక్కువగా పాడుచేస్తారు. షరతులున్నాయి: అది తప్పే అని మీకు ఖాయంగా తెలియాలి, చెప్తే వింటాడనే ఆశ ఉండాలి, అతను ఇంకా కొనసాగించే ఉద్దేశంలో ఉండాలి, చెప్పడం వల్ల మీకో ఇంకొకరికో పెద్ద హాని రాకూడదు. మెట్లు కూడా ఉన్నాయి. వీధి చివర దుకాణదారు తూకంలో కొడుతున్నాడనుకోండి. ముందు మీరే ఇంటికి తెచ్చి తూచి చూడాలి, కిలోకు 950 గ్రాములే వస్తోందని తేలాలి. తర్వాత ముఖంలో అసంతృప్తి చూపించడం, అక్కడ కొనడం మానేయడం. ఆపైన ఒంటరిగా, మెత్తగా చెప్పడం. ఇంకా వినకపోతే గట్టిగా చెప్పడం. చెయ్యి చేసుకోవడం మీ పని కాదు, దానికి హాకిమె షరా (షరీయత్ అధికారి) అనుమతి కావాలి. మనవాళ్లు చేసేదేమిటంటే మొదటి మెట్టు ఎక్కకుండానే వీడియో తీసి గ్రూపులో పడేస్తారు. అనుమానంతో మనిషి పరువు తీస్తే, ఆపాలనుకున్న తప్పు కంటే పెద్ద తప్పు మీ ఖాతాలో పడుతుంది.

కృష్ణ_ఒడ్డు:
చివరిగా ఒకటి. షాబాన్ 15న ఉత్తరాలు రాసి నీళ్లలో వేస్తారు కదా, అదేమిటి? అదీ ఇంతెజార్‌లో భాగమేనా?

గడియారం_వీధి:
అరీజా అంటారు. షాబాన్ 15 ఇమామె జమానా (పన్నెండో ఇమామ్) పుట్టినరోజు, హిజ్రీ 255, సామర్రా. ఆ రాత్రో, తెల్లవారుజామునో మనసులో ఉన్నది కాగితం మీద రాసి, శుభ్రమైన మట్టి ముద్దలోనో గోధుమపిండి ముద్దలోనో చుట్టి, పారే నీటిలోనో బావిలోనో వదులుతారు. వదిలేటప్పుడు మూడో నాయిబ్ హుసేన్ బిన్ రూహ్‌ను పేరు పెట్టి పిలిచి, దీన్ని మౌలాకు, అంటే ఇమామ్‌కు, అందించమని అడుగుతారు. నేతి తిత్తుల్లో ఉత్తరాలు మోసిన కాలపు అలవాటు అనుకోండి. ఇది వాజిబ్ (తప్పనిసరి) కాదు. రాయకపోతే పాపం లేదు.

పిండి ముద్ద ఎందుకంటే, కాగితం తేలకుండా మునగడానికి, నీళ్లలో కరిగిపోవడానికి. ఈమధ్య తడవకూడదని ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బర్ బ్యాండు వేసి విసురుతున్నారు, తెల్లారేసరికి ఒడ్డునిండా అవే తేలుతుంటాయి. కాగితం చిన్నది, పల్చటిది తీసుకోండి, లామినేషన్ ఉన్న ముద్రిత అరీజాలు వద్దు. తాగునీటి బావిలో వేయకండి. అప్పు తీరాలని రాసేవాళ్లు చాలామంది ఉంటారు. తీర్చాల్సిన అప్పు మీ దగ్గర ఉండి, తీర్చే స్తోమత కూడా ఉంటే, ఆ డబ్బు ముందు ఇచ్చేసి తర్వాత కాగితం పట్టుకోండి.